ముందు నొక్కింది ఎవరు?



బడిలో పంతులు ఒక ప్రశ్న వేస్తారు. జవాబు తెలిసిన ఇద్దరు పిల్లలు ఒక్కసారే చెయ్యెత్తుతారు. "నేను ముందు సార్" అంటుంది ఒకమ్మాయి. "కాదు సార్, నేనే" అంటాడు పక్క బెంచీ పిల్లవాడు. పంతులు ఎవరిని లేపినా రెండోవారి మనసు చివుక్కుమంటుంది. చిన్న తగువే, కానీ ప్రపంచంలో ఉన్న క్విజ్ పోటీలన్నీ, కోట్ల రూపాయల టీవీ ఆటలన్నీ ముందు తీర్చుకోవలసి వచ్చింది ఈ తగువునే. ముందు ఎవరు? అది ఎవరు చెప్పాలి? చెప్పినవారి మాట మిగతావారు ఎందుకు నమ్మాలి?

ఈ పూట నేను మాట్లాడబోయేది టీవీ ఆటల వెనుక కనిపించకుండా పనిచేసే యంత్రాల గురించి. తెర మీద మనకు కనిపించేది ప్రశ్న అడిగే హీరో, ఎదుటి కుర్చీలో చెమటలు తుడుచుకునే మనిషి. వాళ్ల మధ్య ఆట న్యాయంగా నడిచేలా చూసే యంత్రాలు, వాటిని నడిపే మనుషులు మన కంటికి ఆనరు. కర్నూలు, కడప జిల్లాల పిల్లలకు, పంతుళ్లకు ఆ సంగతులు తెలియాలని నా కోరిక. ఎందుకో చివర్లో చెబుతాను.

ఏ పోటీకైనా అందరూ నమ్మే సాక్షి ఒకరుండాలి. మన సీమకు ఇది కొత్త మాట కాదు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవారికి తెలుసు. గడియారం ఒకరి చేతిలో ఉంటుంది, టేపు ఇంకొకరి చేతిలో ఉంటుంది. గిత్తలు బండను ఎంత దూరం లాగాయో అడుగుల్లో, అంగుళాల్లో కొలిచి మైకులో చెబుతారు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది కాబట్టి కొలతలో మోసానికి చోటు తక్కువ.

చదువుల పోటీకి వస్తే మనకు అవధానం ఉంది. ప్రొద్దుటూరు అవధానాల గడ్డ. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసిన ఊరది. శతావధాని సి.వి. సుబ్బన్న గారి ఊరూ అదే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎదురుగా కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలకు నిషేధం పెడతారు, ఒకరు పనిలేని మాటలతో దృష్టి మళ్లిస్తారు, ఇంకొకరు ఉండీ ఉండీ గంట కొడుతుంటారు. ఎన్ని గంటలు కొట్టారో అవధాని చివర్లో లెక్క చెప్పాలి. ప్రశ్న వేసేది సభ ముందే, జవాబు వచ్చేదీ సభ ముందే. పద్యంలో గణం తప్పితే పట్టుకునే పండితులు ముందు వరుసలోనే ఉంటారు. సాక్షులంతా కళ్లెదుటే ఉన్న పోటీ అది.

టీవీ ఆట వేరు. అది జరిగేది మూసిన స్టూడియోలో. మనం చూసేది కొన్ని రోజుల తర్వాత, కత్తిరించి కూర్చిన రూపంలో. ఆదోనిలోనో జమ్మలమడుగులోనో ఇంట్లో కూర్చున్న మనకు అక్కడ ఏం జరిగిందో నేరుగా చూసే వీలు లేదు. ఊరంతా నిలబడి చూసిన సాక్ష్యాన్ని అక్కడ యంత్రం చెప్పాలి. అందుకే ఆ యంత్రం లోపల ఏముందో తెలుసుకోవడం అవసరం.

అన్నిటికంటే చిన్నదైన బజర్‌తో మొదలుపెడదాం.

ఒక శబ్దం విన్నాక వేలు కదలడానికి మనిషికి సుమారు 0.15 సెకను పడుతుంది. వెలుగు చూసి కదలడానికి 0.2 సెకను. కంటికంటే చెవి కాస్త ముందుంటుందన్న మాట, రేడియో వినేవారికి ఇది సంతోషం కలిగించే సంగతే. మెరికల్లాంటి ఇద్దరు పోటీపడితే వాళ్ల మధ్య తేడా సెకనులో నూరో వంతు ఉండొచ్చు, వెయ్యో వంతూ ఉండొచ్చు. మనిషి కన్ను దాన్ని తేల్చలేదు. కెమెరా తేల్చగలదా? మన దేశంలో టీవీ ప్రసారానికి సెకనుకు 25 చిత్రాలు. అంటే ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య 40 మిల్లీసెకన్లు. ఆ 40 మిల్లీసెకన్లలో ముందు నొక్కిన వేలు, వెనక నొక్కిన వేలు రెండూ ఒకే చిత్రంలో పడిపోవచ్చు. టేపు తిప్పి తిప్పి చూసినా తగువు తీరదు. దాన్ని తీర్చగలిగేది మీట దగ్గరే ఉన్న విద్యుత్ వలయం.

పాత పద్ధతిలో రిలేలు వాడేవారు. రిలే అంటే కరెంటు వస్తే అయస్కాంతంగా మారి, ఒక లోహపు రేకును లాగి, ఇంకొక దారిని కలిపే లేదా విడదీసే పరికరం. నలుగురు పోటీదారులకు నాలుగు రిలేలు. మొదట నొక్కినవారి రిలే లాగగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, వేలు తీసేసినా తన దీపం ఆరకుండా తనను తానే పట్టుకుని ఉంటుంది. రెండు, మిగతా ముగ్గురికి పోయే కరెంటు దారిని తెంచేస్తుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కండువా వేసినట్టు. ముందు కండువా పడితే ఆ సీటు వారిదే, తర్వాత ఎవరొచ్చినా నిలబడాల్సిందే. క్విజ్ మాస్టరు తన దగ్గరున్న రీసెట్ మీట నొక్కేదాకా ఆ దీపం ఆరదు.

రిలే రేకు కదలడానికి సుమారు పది మిల్లీసెకన్లు కావాలి. ఆ వ్యవధిలోనే రెండో వేలు పడితే రెండు దీపాలూ వెలిగే ప్రమాదం ఉంది. ఆ లోటు తీర్చడానికి లాచ్ చిప్పులు వచ్చాయి. ఎనిమిది మీటలకు సరిపడే 74373 అనే చిప్పును మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో పిల్లలు చాలామందే చూసి ఉంటారు. మొదటి సంకేతం అందగానే అది తన తలుపు తానే మూసుకునేలా వలయం కట్టొచ్చు. అందుకు పట్టేది నానో సెకన్లు, అంటే సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలో. ఇప్పుడు ఆర్డుయినో లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు చేతికొచ్చాయి. నాలుగు మీటలను ఒకదాని తర్వాత ఒకటి చూసి మళ్లీ మొదటికి రావడానికి దానికి కొన్ని పదుల మైక్రోసెకన్లు చాలు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో కొన్ని పదుల ముక్కలు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. మీట నొక్కినప్పుడు లోపలి లోహపు రేకులు ఒక్కసారిగా అతుక్కోవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తాకుతాయి. ఆ తాకిడి ప్రతిదీ యంత్రానికి ఒక నొక్కుడుగా కనిపిస్తుంది. మొదట ఎవరో తేల్చేటప్పుడు తొలి తాకిడే లెక్క కాబట్టి నష్టం లేదు. వరస క్రమంలో జవాబులు నొక్కే ఆటలో మాత్రం ఒకే నొక్కుడు రెండుగా నమోదైతే జవాబే తప్పయిపోతుంది. అందుకని ఒక నొక్కుడు పడ్డాక కొన్ని మిల్లీసెకన్లు ఆ మీటను పట్టించుకోవద్దని ప్రోగ్రాములో రాస్తారు. ఆ రెండు వరుసలు మరిచిపోతే బాగా చదువుకున్న పిల్లే ఓడిపోవచ్చు.

బజర్ విషయంలో అమెరికా ఆట 'జెపర్డీ' మంచి పాఠం నేర్పుతుంది. 1964లో మొదలై 1984లో ఇప్పటి రూపానికి వచ్చిన పోటీ అది. అక్కడ ప్రశ్న చదువుతుండగానే నొక్కేవారితో ఇబ్బంది వచ్చింది. ఇంట్లో చూసేవారికి ప్రశ్న పూర్తిగా వినపడేది కాదు. 1985 నుంచి నియమం మార్చారు. చివరి అక్షరం పలికేదాకా మీటలు పనిచేయవు. ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని, చదవడం పూర్తవగానే తన మీట నొక్కితే అప్పుడు పోటీదారుల మీటలకు ప్రాణం వస్తుంది. బోర్డు పక్కన దీపాలు వెలుగుతాయి, అవి మన తెర మీద కనిపించవు. తొందరపడి ముందే నొక్కినవారి మీట పావు సెకను పాటు మూగబోతుంది. 2011 ఫిబ్రవరిలో ఐబీఎం వారి వాట్సన్ కంప్యూటర్ అదే ఆటలో కెన్ జెన్నింగ్స్, బ్రాడ్ రటర్ అనే ఇద్దరు మేటి ఆటగాళ్లను ఓడించింది. ఆ కంప్యూటర్‌కు కూడా ఒక యాంత్రికమైన వేలు అమర్చి, మనుషులు నొక్కే మీటలాంటి దాన్నే నొక్కించారు. జ్ఞానం ఎంత ఉన్నా మీట అందరికీ ఒకటే ఉండాలన్న నియమాన్ని యంత్రానికీ వర్తింపజేశారు.

ఇక మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఆటకు వద్దాం. 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లోని ఐటీవీలో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మొదలైంది. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా మన దేశానికి వచ్చింది. దాన్ని తీర్చిదిద్దినవారు సిద్ధార్థ బసు. 1985లో దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' నడిపిన పెద్దమనిషి ఆయనే. తెలుగులో 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలుపెట్టారు. 2017లో అదే కుర్చీలో చిరంజీవి కూర్చున్నారు. 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు' నడిపారు. ఆ ఏడాది నవంబరులో తెలంగాణ పోలీసు శాఖకు చెందిన ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయలు గెలిచినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటా అదే మాట.

ఆ ఆటలో మొదటి మెట్టు ఫాస్టెస్ట్ ఫింగర్ ఫస్ట్. నాలుగు జవాబులను సరైన వరసలో పెట్టాలి. నాలుగింటిని 24 రకాలుగా పేర్చవచ్చు. కాబట్టి గుడ్డిగా నొక్కితే తగిలే అవకాశం 24లో ఒకటి. ప్రతి పోటీదారుకు పట్టిన సమయం విడివిడిగా నమోదవుతుంది. మొదట తప్పు వరసలను పక్కకు తీసేస్తారు, తర్వాత మిగిలినవారిని సమయాన్ని బట్టి వరస పెడతారు. నూరో వంతు సెకను దాకా అంకెలు తెర మీద వేస్తారు. "మూడు సెకన్ల చిల్లర" అని చూపించగానే ఓడినవారు కూడా తల వంచి చప్పట్లు కొడతారు. ఆ అంకె లేకపోతే ఆ చప్పట్లు ఉండవు.

హాట్ సీట్‌లో కూర్చున్నాక ఇంకొక ఏర్పాటు ఉంది. ప్రశ్న అడిగేవారి ముందు తెరలో ప్రశ్న, నాలుగు జవాబులు వస్తాయి. సరైన జవాబు ఏదో ఆ తెర వెంటనే చెప్పదు. పోటీదారు తన జవాబును ఖాయం చేసి లాక్ చేశాకే చూపిస్తుంది. దీనికి పెద్ద కారణం ఉంది. జవాబు ముందే తెలిసినవారి మొహంలో, గొంతులో, కనుబొమల కదలికలో ఎక్కడో ఒక చోట అది బయటపడుతుంది. ఎదుటి మనిషి దాన్ని చదివేస్తాడు. అడిగేవారికి కూడా తెలియకుండా ఉంచితే ఆట శుభ్రంగా ఉంటుంది. లాక్ చేసిన జవాబును వెనక్కి తీసుకునే దారి ఉండదు. మన ఎన్నికల ఓటింగ్ యంత్రంలో కూడా ఇదే సూత్రం. హైదరాబాదు ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేసే ఆ యంత్రం ఒక ఓటరుకు ఒక్క నొక్కుడునే తీసుకుంటుంది, తర్వాత ఎన్నిసార్లు నొక్కినా వినిపించుకోదు.

ప్రేక్షకుల సహాయం అడిగినప్పుడు ప్రతి సీటుకూ ఒక కీప్యాడ్ ఉంటుంది. ప్రతి కీప్యాడ్‌కూ తనదైన సంఖ్య ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరిది ఒక్క ఓటే లెక్కకు వస్తుంది. కొన్ని సెకన్లలో ఆ ఓట్లు శాతాలుగా మారి తెర మీద కడ్డీలుగా నిలుస్తాయి. అమెరికాలో నడిచిన ఇదే మిలియనీర్ ఆటలో ప్రేక్షకుల మాట 91 శాతం సార్లు, ఫోన్ చేసిన స్నేహితుడి మాట 65 శాతం సార్లు సరైనదని జేమ్స్ సురోవికి అనే రచయిత 2004లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. తేలిక ప్రశ్నలకు ప్రేక్షకులను, కష్టమైనవాటికి స్నేహితుణ్ణి వాడుకోవడం కూడా ఈ తేడాకు ఒక కారణం కావచ్చని మనం గుర్తుపెట్టుకోవాలి. అయినా వందమందిలో కొద్దిమందికి జవాబు తెలిసి, మిగతావారు తలో దిక్కుకు ఊహిస్తే, ఆ ఊహలు నాలుగు వైపులా చెదిరిపోయి తెలిసినవారి ఓట్లే పైకి తేలతాయి. ఈ లెక్కను తొమ్మిదో తరగతి పిల్లలు కూడా బోర్డు మీద వేసి చూడొచ్చు.

దీపాలు, సంగీతం సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ఆ ఆటకు కీత్ స్ట్రాకన్, ఆయన కొడుకు మాథ్యూ సంగీతం కట్టారు. పై మెట్లు ఎక్కేకొద్దీ శ్రుతి కొంచెం కొంచెంగా పెరుగుతుంది. వినేవారికి పెరిగిందని తెలియదు, గుండె మాత్రం వేగం అందుకుంటుంది. ఆ శ్రుతితో పాటు పైనుంచి దీపాలు తిరుగుతూ కిందికి దిగి కుర్చీ మీద నిలుస్తాయి. అది ఎవరో చేత్తో తిప్పే దీపం కాదు. డీఎంఎక్స్ 512 అనే పద్ధతిలో ఒక్క కేబుల్ మీద 512 వాహికలు నడుస్తాయి. ఒక్కో వాహికకు సున్నా నుంచి 255 దాకా స్థాయిలు. దీపం ఎంత వెలగాలి, ఎటు తిరగాలి, ఏ రంగు పులుముకోవాలి అన్నీ ఆ అంకెల్లోనే ఉంటాయి. ఎన్నో దీపాల కదలికను ముందే రాసిపెట్టుకుంటే ఒక్క మీటతో అన్నీ కలిసి కదులుతాయి.

ఈ పనులన్నీ కలిసే చోటు పీసీఆర్, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్. అక్కడ డైరెక్టర్ ముందు ప్రతి కెమెరా చిత్రం ఒక్కో తెర మీద ఉంటుంది. ఆయన మాట టాక్‌బ్యాక్‌లో కెమెరామెన్‌కు, జిమ్మీ జిబ్ అనే కెమెరా క్రేన్ నడిపేవారికి, ఫ్లోర్ మేనేజర్‌కు, యాంకర్ చెవిలోని ఇయర్‌పీస్‌కు చేరుతుంది. ఒకరు చిత్రాలు మారుస్తారు, ఒకరు గ్రాఫిక్స్ వదులుతారు, ఒకరు శబ్దం చూసుకుంటారు. ప్రశ్నల కంప్యూటర్ దగ్గర కూర్చునే మనిషి పని ఒక్కటే, జవాబు వినడం, సరిగ్గా అదే మీట నొక్కడం. పోటీదారు "బి" అని పలికితే "డి" అని విన్నారంటే ఒక కుటుంబం ఆశ కూలిపోతుంది. అందుకే అక్కడ నిశ్శబ్దం ఎక్కువ, మాటలు తక్కువ.

సాక్షిగా ఉండాల్సిన యంత్రమే మోసగాడి చేతిలో పడితే ఏమవుతుంది? ఇది జరిగింది. 1950ల అమెరికాలో 'ట్వంటీ వన్' అనే పోటీ ఉండేది. పోటీదారులను శబ్దం వినపడని గాజు గదుల్లో నిలబెట్టేవారు. చూసేవారికి ఆ గది నిజాయితీకి గుర్తుగా కనిపించేది. కానీ నిర్మాతలు జవాబులు ముందే చెప్పేసేవారు. ఎక్కడ నసగాలో, ఎప్పుడు నుదురు తుడుచుకోవాలో కూడా నేర్పేవారు. చెమట పట్టడానికి గదిలో చల్లగాలి ఆపేసేవారు. 1956 డిసెంబరులో హెర్బ్ స్టెంపెల్‌ను చార్లెస్ వాన్ డోరెన్ ఓడించడం అలా రాసిపెట్టిన నాటకమే. 1959లో వాన్ డోరెన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిజం ఒప్పుకున్నాడు. 1960లో అలాంటి పోటీల్లో ఫలితాన్ని ముందే నిర్ణయించడం నేరమని అక్కడ చట్టం వచ్చింది. గాజు గది మంచిదే, దాన్ని వాడినవారి బుద్ధే మంచిది కాదు.

యంత్రం బలహీనంగా ఉన్నందువల్ల ఓడిన కథ ఇంకొకటి. 1984లో 'ప్రెస్ యువర్ లక్' అనే ఆటలో 18 గళ్ల బోర్డు మీద దీపం గంతులు వేస్తూ తిరిగేది. ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదని అందరూ అనుకున్నారు. ఒహాయో రాష్ట్రానికి చెందిన మైఖేల్ లార్సన్ ఆ ఆటను ఇంట్లో రికార్డు చేసుకుని ఒక్కో చిత్రంగా ఆపి చూశాడు. ఆ దీపం అయిదే అయిదు వరసల్లో తిరుగుతోందని గ్రహించి వాటిని కంఠతా పట్టాడు. స్టూడియోకు వెళ్లి 1,10,237 డాలర్లు గెలిచాడు. ఆయన చేసింది మోసం కాదని తేల్చి డబ్బు ఇవ్వక తప్పలేదు. కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచుతోంది అని ఎవరైనా చెప్పినప్పుడు, నిజంగా ఎలా ఎంచుతోంది అని అడిగే హక్కు మనకుందని ఈ కథ చెబుతుంది.

యంత్రమే మోసాన్ని పట్టించిన కథ కూడా ఉంది. 2001 సెప్టెంబరులో బ్రిటన్ మిలియనీర్ ఆటలో చార్లెస్ ఇంగ్రమ్ అనే సైనికాధికారి పది లక్షల పౌండ్ల ప్రశ్న కూడా దాటేశాడు. ఆయన జవాబులను వరసగా పైకి చదువుతుంటే, సరైనది రాగానే మరో పోటీదారు దగ్గుతున్నాడని రికార్డింగు వింటున్నవారికి అనుమానం వచ్చింది. చెక్కు ఆపేశారు. 2003లో ఇంగ్రమ్‌ను, ఆయన భార్యను, దగ్గిన మనిషిని కోర్టు దోషులుగా తేల్చింది. అక్కడ అసలు సాక్షి రికార్డింగు టేపే.

యంత్రాలన్నీ సరిగ్గా ఉన్నా ప్రశ్న తప్పయితే ఆట చెడుతుంది. ప్రశ్నల నిధి తయారుచేయడం కూడా ఈ సాంకేతిక పనిలో భాగమే. మన ప్రాంతం నుంచే ఉదాహరణలు చూడండి. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి రాజధాని ఏది? 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా కర్నూలు. ఇందులో తిరుగులేదు. తప్పు జవాబుల్లో గుంటూరు పెడితే ఆ ప్రశ్నకు పదును వస్తుంది, హైకోర్టు అక్కడ ఉండేది కాబట్టి. ఇప్పుడు ఇంకొకటి. శ్రీశైలం ఏ జిల్లాలో ఉంది? పాత పుస్తకంలో కర్నూలు అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది నంద్యాల జిల్లా. అహోబిలం, మహానంది, యాగంటి, బెలుం గుహలు, అన్నీ అంతే. ఆనాటి దాకా సరైన జవాబు ఆ ఒక్క రోజుతో తప్పు జవాబైపోయింది. ప్రశ్నల కంప్యూటర్‌లో ప్రతి ప్రశ్న పక్కనా దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలనేది ఇందుకే.

మరొకటి అడుగుతాను. రాయలసీమ అనే పేరు ఎవరు పెట్టారు? 1928 నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు పెట్టారని కొందరు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారని కొందరు చెబుతారు. ఇద్దరూ పూజ్యులే. ఇలాంటి ప్రశ్నను నలుగురి పేర్లతో తెర మీద వేసి ఒక్కరికే టిక్కు పెట్టడం తగదు. పండితులే రెండుగా చెప్పేదాన్ని యంత్రం ఒక్కటిగా తీర్చలేదు. వ్యాసంలో రాయడానికి మంచి విషయం, బజర్ నొక్కించడానికి పనికిరాదు.

ఇంట్లో కూర్చుని ఆడేవారి సంగతి చూద్దాం. టీవీ సంకేతం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా పోయి తిరిగి దిగాలి. ఆ పోను రాను ప్రయాణానికే పావు సెకను. బొమ్మను కుదించి, మళ్లీ విప్పే పనికి ఇంకొన్ని సెకన్లు. మీ ఊళ్లో డిష్ ఉన్న ఇంట్లో ఒక క్షణం, కేబుల్ ఉన్న ఇంట్లో ఇంకొక క్షణం, ఫోన్‌లో చూసేవారికి మరికొంత ఆలస్యం. హైదరాబాదులో వేగమైన ఇంటర్నెట్ ఉన్నవారికీ, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే ఆలూరు మండలం పిల్లకూ ప్రశ్న ఒకే క్షణంలో చేరదు. అలాంటప్పుడు "ముందు పంపినవారే విజేత" అని నియమం పెడితే గెలిచేది జ్ఞానం కాదు, నెట్‌వర్క్. అందుకని మంచి పోటీల్లో ఎస్ఎంఎస్‌కు కొంత గడువిచ్చి, సరైన జవాబు పంపినవారందరిలోంచి చీటీ తీసినట్టు కంప్యూటర్‌తో ఎంపిక చేయిస్తారు. ఫోన్‌లో ఆడించే ఆటల్లో అయితే ప్రశ్న మీ ఫోన్‌కు చేరిన క్షణం నుంచి మీ గడియారాన్ని నడిపించడం న్యాయం. దూరాన ఉన్నవారికి ఈ నియమాలే రక్ష.

తెలుగు అక్షరం గురించి కూడా ఒక మాట. గ్రాఫిక్స్ యంత్రంలో తెలుగు ఎక్కించడం ఇంగ్లీషు ఎక్కించినంత తేలిక కాదు. వత్తులు, గుణింతాలు అక్షరానికి కింద, పైన, పక్కన చేరాలి. మన లిపి తెలియని సాఫ్ట్‌వేర్‌లో వత్తు జారి పక్కన పడుతుంది, కొమ్ము విడిపోతుంది. పది సెకన్ల గడువులో అలాంటి వాక్యం చదవాల్సి వస్తే తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల వెనకబడుతుంది. తెర మీద అక్షరం సరిగ్గా నిలబడడం కూడా న్యాయంలో ఒక భాగమని నేను నమ్ముతాను.

ఇంతసేపూ ఈ సంగతులన్నీ చెప్పడానికి కారణం ఉందన్నాను కదా. ఇవన్నీ ఎక్కడో పెద్ద స్టూడియోల్లో మాత్రమే జరగాల్సిన పనులు కావు. మన రెండు జిల్లాల్లో ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఒక బజర్ పెట్టె తయారుచేసుకోవచ్చు. నాలుగు మీటలు, నాలుగు దీపాలు, ఒక చిన్న బోర్డు, ఒక రీసెట్ మీట, ఒక బ్యాటరీ చాలు. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా పోటీ ఆగదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న బడుల్లో ఈ సామాను చాలావరకు ఇప్పటికే ఉంటుంది. లేని బడికి దగ్గర్లోని కాలేజీ తోడు రావచ్చు. ఇడుపులపాయలో 2008 నుంచి పల్లె పిల్లలకు చదువు చెబుతున్న ట్రిపుల్ ఐటీ ఉంది. కర్నూలులో 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. ఇంకా ఎన్నో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలున్నాయి. అక్కడి విద్యార్థులు తమ ప్రాజెక్టుగా ఒక్కో బడికి ఒక్కో పెట్టె కట్టి ఇస్తే అది వాళ్లకూ చదువే.

పెట్టె తయారయ్యాక మూత వేసేముందు పిల్లలందరికీ లోపల చూపించండి. ఏ తీగ ఎటు పోతుందో చెప్పండి. నాలుగు మీటల స్థానాలను పోటీ మధ్యలో ఒకసారి మార్చండి, ఏ జట్టుకూ యంత్రం వల్ల లాభం రాకూడదు. పోటీకి ముందు ఇద్దరు పిల్లలతో ఒకేసారి నొక్కించి పరీక్షించండి. ప్రతిసారీ అదే జట్టు దీపం వెలుగుతుంటే వలయం సరిచూడండి. ప్రశ్నలు రెండు ఆధారాలతో సరిపోల్చి, తేదీ వేసి పెట్టుకోండి. జవాబుల కాగితం ప్రశ్న అడిగేవారి చేతిలో కాకుండా ఇంకొకరి దగ్గర ఉంచండి. ఇవి ఖర్చు లేని నియమాలు. కోట్ల రూపాయల ఆటలు పాటించేవీ ఇవే.

ఇలా ఆడిన పిల్లలకు రెండు మేళ్లు జరుగుతాయి. సైన్సు పుస్తకంలో రిలే అని, లాచ్ అని చదివిన మాట చేతికి అందుతుంది. అంతకంటే ముఖ్యమైనది రెండోది. ఓడినప్పుడు కూడా తీర్పును ఎందుకు ఒప్పుకోవాలో వాళ్లకు తెలుస్తుంది. తీర్పు చెప్పే యంత్రాన్ని ఎప్పుడు ప్రశ్నించాలో కూడా తెలుస్తుంది. రేపు వాళ్లు ఓటు వేయాల్సిన యంత్రాలు, ఉద్యోగానికి ఎంపిక చేసే కంప్యూటర్ పరీక్షలు, రేషన్ దుకాణంలో వేలిముద్ర అడిగే పరికరాలు ఎన్నో ఉంటాయి. వాటి ముందు భయంతోనూ, గుడ్డి నమ్మకంతోనూ కాకుండా, తెలుసుకుని నిలబడే పౌరులు కావాలి. ఆ అభ్యాసం ఒక బజర్ పెట్టెతో మొదలుపెట్టవచ్చు.

ఈ మాటలు వింటున్న ప్రధానోపాధ్యాయులకు, సైన్సు పంతుళ్లకు, పంతులమ్మలకు నా విన్నపం ఒకటే. వచ్చే సైన్సు దినోత్సవం, ఫిబ్రవరి 28, దాకా సమయం ఉంది. ఆ రోజు మీ బడిలో జరిగే క్విజ్‌కు మీ పిల్లలే కట్టిన బజర్ పెట్టండి. ఎవరు ముందో దాన్నే చెప్పనివ్వండి. అది ఎలా చెబుతోందో ఓడిన జట్టు చేత సభకు వివరింపజేయండి.